పాత టెలివిజన్ ధారావాహికల్లో గోడల మీది చిత్రాలను, గదిలోని వస్తువులను గమనించే పద్ధతి

ధారావాహిక చూస్తున్నప్పుడు మన చూపు మాట్లాడుతున్నవారి ముఖం మీదే నిలుస్తుంది. వెలుగును అక్కడ ఎక్కువగా పడేలా అమర్చేదీ, కెమెరాను అటు తిప్పేదీ అందుకే. కాబట్టి ఆ ముఖం వెనుక గోడకు వేలాడుతున్న చిత్రాన్నో, బల్ల మీది దీపాన్నో చూడాలంటే పనిగట్టుకొని చూడవలసిందే. అందుకు మొదటి మెట్టు ఒకే ఎపిసోడ్‌ను రెండుసార్లు చూడటం. తొలిసారి కథ కోసం చూడాలి. కథ తెలియనిదే గోడ మీది చిత్రం కథకు అవసరమై వచ్చిందో, ఖాళీ నింపడానికి వచ్చిందో చెప్పలేము. రెండోసారి ధ్వని పూర్తిగా తీసేసి చూడాలి. మాటలు వినిపించనప్పుడు చూపు దానంతట అదే గది మూలలకు పోతుంది.

చూడటం మొదలుపెట్టే ముందు మీ ముందున్న ప్రతి (అంటే ఆ ధారావాహిక కాపీ) ఎలాంటిదో తెలుసుకోవాలి. ఇది చాలామంది పట్టించుకోని విషయమే గాని, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. 1951లో మొదలైన అమెరికన్ హాస్య ధారావాహిక 'ఐ లవ్ లూసీ'ని 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద, మూడు కెమెరాలతో, ప్రేక్షకుల ఎదుట చిత్రీకరించారు. ఫిల్ములో దాగిన వివరం ఆనాటి టీవీ తెర చూపగలిగినదానికంటే ఎంతో ఎక్కువ కనుక, ఆ ఫిల్ము నుంచి కొత్తగా తీసిన ప్రతిలో ఆనాటి ప్రేక్షకులు ఇంట్లో ఎన్నడూ చూడని గీతలు, అక్షరాలు కనబడతాయి. 1971లో వచ్చిన మరో అమెరికన్ హాస్య ధారావాహిక 'ఆల్ ఇన్ ది ఫ్యామిలీ' వీడియో టేపు మీద రికార్డయింది. అప్పటి అమెరికా పద్ధతిలో టెలివిజన్ బొమ్మకు 525 అడ్డగీతలు, అందులో బొమ్మ కనబడేవి సుమారు 480 మాత్రమే. ఆ టేపును ఎంత మెరుగుపరిచినా అందులో లేని వివరం రాదు. టేపు ధారావాహికలో అలమరలోని పుస్తకాల పేర్లు చదవాలని కూర్చుంటే కాలం వృథా అవుతుంది. ఆకారం, పరిమాణం, స్థానం చూసుకోవడమే మేలు.

చట్రం సంగతీ అలాంటిదే. పాత ధారావాహికలు వెడల్పు నాలుగు, ఎత్తు మూడు నిష్పత్తిలో తీసినవి. ఇప్పటి వెడల్పాటి తెరకు సరిపోయేలా పైనా కిందా కోసేసిన ప్రతులు చాలా తిరుగుతున్నాయి. గోడ చిత్రాలు ఉండేది పైభాగంలోనే, బల్ల మీది వస్తువులు ఉండేది కింది భాగంలోనే. అంటే మనకు కావలసినదే కోతలో పోతుంది. రెండు ప్రతులూ దొరికితే పాత నిష్పత్తిలో ఉన్నదాన్నే ఎంచుకోవాలి.

నలుపు తెలుపు ధారావాహికల్లో రంగు గురించి తొందరపడి ఏమీ రాసుకోకూడదు. 'ఐ లవ్ లూసీ' ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్ వెలుగునీడల తేడాలు అదుపులో ఉండటానికి సెట్లకూ సామగ్రికీ రకరకాల బూడిద ఛాయలు వేయించారు. దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ 'ది ఆడమ్స్ ఫ్యామిలీ' (1964–66). తెర మీద చీకటి కొంపలా కనబడే ఆ ఇంటి హాలు, అప్పట్లో తీసిన రంగుల ఫోటోలలో గులాబీ, ఎరుపు రంగులతో మెరిసిపోతూ ఉంటుంది. తెర మీద ఒక ఛాయ అంటే సెట్ మీద ఎన్నో రంగుల్లో ఏదైనా కావచ్చు. రంగుల ప్రసారాలు వచ్చాక లెక్క మారింది. 1966లో మొదలైన 'స్టార్ ట్రెక్', 'బ్యాట్‌మ్యాన్' సెట్లలో రంగులు కొట్టొచ్చినట్టు ఉంటాయి. దానికి ఎదురుగా 'ఆల్ ఇన్ ది ఫ్యామిలీ' హాలు కావాలనే వెలిసిపోయిన గోధుమ రంగుల్లో ఉంటుంది. నిర్మాత నార్మన్ లియర్ పాత ఫోటో వంటి రూపం కోరుకున్నారు. కాబట్టి రంగుల ధారావాహికలో ఒక గది వెలవెలబోతున్నట్టు కనిపిస్తే, అది ప్రతి పాడవడం వల్లనా, కళా దర్శకుని నిర్ణయం వల్లనా అని అడగాలి. అదే దృశ్యంలో మనిషి చర్మం రంగు సహజంగా ఉంటే నిర్ణయం వల్లనే అనుకోవచ్చు.

ఇక ఎక్కడ ఆపి చూడాలన్నది. దృశ్యం మొదలైన తొలి క్షణాల్లో, ఎవరైనా గదిలోకి వస్తున్నప్పుడు, వెళ్ళిపోతున్నప్పుడు కెమెరా దూరం నుంచి చూపిస్తుంది. గది మొత్తం దొరికేది అప్పుడే. కెమెరా కదులుతున్నప్పుడు ఆపితే బొమ్మ అలుక్కుపోతుంది, ముఖ్యంగా టేపు ప్రతుల్లో. ఫ్రేము తరువాత ఫ్రేముగా జరుపుతూ కదలిక ఆగిన చోట పట్టుకోవాలి. ఒక్క ఫ్రేములో చిత్రం పూర్తిగా కనబడుతుందని ఆశించకూడదు. ఒకచోట నటుని తల అడ్డు, ఇంకోచోట దీపం అడ్డు. ముక్కలుగా కనబడినవాటిని ఒక కాగితం మీద చేర్చి గీసుకుంటేనే మొత్తం చిత్రం తేలుతుంది.

ఈ ముక్కలు ఎంత చిన్నవో చెప్పడానికి న్యాయస్థానం రికార్డులోనే ఒక లెక్క ఉంది. చిత్రకారిణి ఫెయిత్ రింగోల్డ్ చేసిన 'చర్చ్ పిక్నిక్' అనే కథా బొంతను (బొమ్మలతో కథ చెప్పే బొంతను) పోస్టరుగా అచ్చువేశారు. 'రాక్' అనే హాస్య ధారావాహికలో చర్చి హాలు దృశ్యానికి ఆ పోస్టరును గోడకు తగిలించారు. అది తొమ్మిది సార్లు కనిపించింది. అతి తక్కువగా 1.86 సెకన్లు, అతి ఎక్కువగా 4.16 సెకన్లు, అన్నీ కలిపి 26.75 సెకన్లు. అనుమతి తీసుకోలేదని రింగోల్డ్ దావా వేయగా, ఆ వాడకాన్ని లెక్కలోకి రానంత స్వల్పమైనదిగా కొట్టిపారేయలేమని అమెరికా అప్పీలు న్యాయస్థానం 1997లో చెప్పింది. నేపథ్యంలో మెరిసి మాయమయ్యే బొమ్మకు కూడా ఒక కర్త ఉంటారని ఇంత స్పష్టంగా తెలిపే ఉదాహరణ నాకు మరొకటి కనబడలేదు. మీరు గమనించబోయే బొమ్మ కూడా ఇలాగే మూడు నాలుగు సెకన్ల తునకలుగా వస్తుంది కాబట్టి, ఎపిసోడ్ పేరు, నిమిషం, సెకను, గది, ఏ గోడ, తలుపుకు ఎడమా కుడా అన్నవి అప్పటికప్పుడే రాసుకోవాలి. బొమ్మలో ఏముందో మీ మాటల్లో రాసిన తరువాతే దాని గురించి వెతకడం మొదలుపెట్టాలి. ముందే వెతికితే, చదివినదే తెర మీదా కనబడుతున్నట్టు అనిపిస్తుంది.

గది పటం కూడా గీసుకోవడం మంచిది. ప్రేక్షకుల ఎదుట తీసిన ధారావాహికల్లో గదికి మూడు గోడలే ఉంటాయి, నాలుగో వైపు కెమెరాలది. ఎప్పుడైనా ఆ నాలుగో గోడ చూపించారంటే దాన్ని ఆ ఎపిసోడ్ కోసం ప్రత్యేకంగా కట్టారన్నమాట. దాని మీద ఏముందో తప్పక చూడండి.

రాసుకున్నదాన్ని ముందు పెట్టుకొని అడగవలసిన ప్రశ్న, ఈ వస్తువు అక్కడికి ఎందుకు వచ్చింది అన్నది. కొన్ని వస్తువులు కథవే. 1971 నాటి డిటెక్టివ్ ధారావాహిక 'కొలంబో' ఎపిసోడ్ 'సూటబుల్ ఫర్ ఫ్రేమింగ్'లో ఫ్రెంచి చిత్రకారుడు దెగా పాస్టెల్ (రంగు సుద్దలతో వేసిన) చిత్రాలు నేరానికి సాక్ష్యాలు. వాటిని గమనించమని దర్శకుడే చెబుతాడు. కొన్ని పాత్రను చెప్పడానికి ఉంటాయి. బ్రిటన్‌లో 1960 నుంచి నడుస్తున్న 'కరోనేషన్ స్ట్రీట్'లో హిల్డా ఆగ్డెన్ ఇంటి గోడ నిండా పర్వతాల దృశ్యం అతికించి ఉంటుంది, దాని మీద ఎగురుతున్న మూడు బాతులు. వాటిలో ఒకటి వంకరగా వేలాడుతూ ఉంటుంది. ఆ వంకర బాతు ఆ ఇంటి ఆశనూ, ఆ ఇంటి పరిస్థితినీ ఒకేసారి చెబుతుంది. దాన్ని సరిచేయకుండా వదిలేసిన సెట్ సిబ్బంది ఆలోచనను మెచ్చుకోవాలి. మిగిలినవి, నిజానికి అత్యధికం, సామగ్రి అద్దెకిచ్చే సంస్థల గోదాముల నుంచి వచ్చి గోడ నింపినవి. వీటి విషయంలో లోతైన అర్థాలు వెతకనవసరం లేదు.

ధారావాహిక కోసమే చిత్రకారులు వేసిన బొమ్మలు వేరే తరగతి. 'నైట్ గ్యాలరీ' (1970–73) ప్రతి కథనూ ఒక వర్ణచిత్రంతో పరిచయం చేసేది; 1969 నాటి తొలి టెలివిజన్ సినిమాకు యారోస్లావ్ గెబ్ర్, తరువాతి ధారావాహికకు టామస్ జె. రైట్ ఆ బొమ్మలు వేశారు. 'గుడ్ టైమ్స్' (1974–79)లో జె.జె. అనే కుర్రవాడు వేసినట్టు చూపించే చిత్రాలు ఎర్నీ బార్న్స్ వేసినవి. బార్న్స్ అంతకుముందు వృత్తిరీత్యా అమెరికన్ ఫుట్‌బాల్ ఆడినవాడు. ఆయన బొమ్మను దగ్గరగా చూస్తే గుర్తుపట్టడం కష్టం కాదు: చేతులూ కాళ్ళూ సాగదీసినట్టు పొడవుగా ఉంటాయి, ఒళ్ళు విల్లులా వంగి ఉంటుంది, ముఖాల్లో కళ్ళు మూసుకొని ఉంటాయి. ధారావాహిక పేర్లతో పాటు కనిపించిన 'ది షుగర్ ష్యాక్' అనే నాట్యశాల చిత్రంలో ఆ లక్షణాలన్నీ ఒకేచోట ఉన్నాయి. దాని 1976 నాటి రూపం 2022 మే నెలలో క్రిస్టీస్ వేలంలో 1.5 కోట్ల డాలర్లకు పైగా పలికింది. కోట్లాది మంది వారం వారం చూసిన బొమ్మ అది. ఎవరు వేశారని అడిగినవారికే ఎర్నీ బార్న్స్ పేరు తెలిసింది.

నేపథ్యం కొన్నిసార్లు ప్రేక్షకునితో గుట్టుగా మాట్లాడుతుంది కూడా. 1995 నుంచి 1997 వరకు కళాకారుడు మెల్ చిన్ నాయకత్వంలో గాలా కమిటీ అనే బృందం అమెరికన్ ధారావాహిక 'మెల్రోజ్ ప్లేస్' సెట్ మీద, నిర్మాణ సిబ్బంది సహకారంతో, తమ కళాఖండాలను మామూలు సామాన్లుగా ఉంచింది. గర్భిణి పాత్ర కప్పుకొన్న బొంత మీద గర్భస్రావానికి వాడే మందు రసాయన నిర్మాణం కుట్టి ఉంది. మాటల్లో టెలివిజన్ చెప్పడానికి జంకే విషయం దుప్పటి మీద ప్రసారమైంది. ఆ వస్తువులను 1998లో సోథెబీస్ వేలం వేసింది. అల్లికలు, పరుపు గలేబులు, సంచుల మీది రాతలు కూడా గోడ చిత్రాలంత శ్రద్ధగా చూడాలని ఇందుకే అంటాను.

ఒకే వస్తువు రెండు ధారావాహికల్లో కనబడిందని అనిపించినప్పుడు అసలైన జాగ్రత్త కావాలి. వస్తువు అదేనా, అలాంటిదేనా అన్నవి రెండు వేరు ప్రశ్నలు. కాలిఫోర్నియాలోని ఎర్ల్ హేస్ ప్రెస్ ముద్రించిన ఉత్తుత్తి వార్తాపత్రిక ఒకటి, నల్లని పొడవాటి జుట్టున్న యువతి ఫోటోతో, దశాబ్దాల పాటు ఎన్నో ధారావాహికల్లో పాత్రల చేతుల్లో కనిపించింది. అది పెద్దసంఖ్యలో అచ్చయిన కాగితం కనుక, పేజీ ఒకటే అయినా చేతిలోని ప్రతి ఒకటే కానక్కర లేదు. అచ్చు బొమ్మలకు, కర్మాగారంలో తయారైన కుర్చీలకు, దీపాలకు ఇదే వర్తిస్తుంది. 'స్టార్ ట్రెక్' అంతరిక్ష నౌకలోని కుర్చీలు ఈరో సారినెన్ రూపొందించిన ప్రసిద్ధ ట్యులిప్ కుర్చీలని తరచూ రాస్తారు. అవి డల్లాస్‌కు చెందిన బర్క్ సంస్థవి. చూడగానే తట్టిన పేరును నిజమని రాసేస్తే ఇలాంటి పొరపాట్లు తరాలు దాటి నడుస్తాయి. అదే వస్తువని చెప్పాలంటే పెచ్చు ఊడిన చోటు, చట్రం మూలలో పగులు, చేతి కుంచె గీత వంటి గుర్తు రెండుచోట్లా కనబడాలి.

వస్తువు తన అసలు పని మార్చుకోవడమూ గమనించదగినదే. 1966లో 'స్టార్ ట్రెక్' తొలి ప్రసారమైన ఎపిసోడ్ కోసం వింత ఆకారపు ఉప్పు డబ్బాలు తెచ్చారు. ప్రేక్షకులు వాటిని ఉప్పు డబ్బాలుగా గుర్తించరని భయపడి మామూలువి వాడి, తెచ్చినవాటిని డాక్టర్ మెకాయ్ వైద్య పరికరాలుగా మార్చారు. ఇక అదే ధారావాహికలోని 1967 నాటి ఎపిసోడ్ 'ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్'లో కథ 1930ల న్యూయార్క్‌లో నడుస్తుండగా, పాత్రలు నడిచే వీధి 'ది యాండీ గ్రిఫిత్ షో' అనే మరో ధారావాహిక కోసం వాడినది. మంగలి దుకాణం అద్దం మీద ఆ ధారావాహికలోని మంగలి ఫ్లాయిడ్ పేరు చదవవచ్చు. వీధి దృశ్యాల్లో అద్దాల మీది అక్షరాలు చదవడం అలవాటు చేసుకోండి.

మీ చూపు ఎంత పదునెక్కిందో పరీక్షించుకోవడానికి 'ఆల్ ఇన్ ది ఫ్యామిలీ' కుర్చీలు చక్కని పాఠం. పాత సామాన్ల దుకాణంలో కొన్న ఆర్చీ, ఈడిత్ (ఆ ధారావాహికలోని దంపతులు) కుర్చీలు 1978లో అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంగ్రహాలయ సంస్థకు చేరాయి. ధారావాహిక ఆ తరువాత కూడా కొనసాగింది కనుక కొత్తవి చేయించవలసి వచ్చింది. కుర్చీలు మారకముందు ఒక ఎపిసోడ్, మారిన తరువాత ఒకటి తీసుకొని, చేతులు ఆనించే చోట బట్ట అరిగిన తీరు, కుట్ల వరుస పోల్చి చూడండి.

సందేహం తీర్చుకోవడానికి సంగ్రహాలయాల జాబితాలు, వేలం సంస్థల కేటలాగులు, సెట్ మీద తీసిన ఫోటోలు ఉపయోగపడతాయి. ప్రచారం కోసం తీసిన ఫోటోలో వస్తువులను జరిపి ఉండవచ్చు కనుక, ప్రసారమైన ఫ్రేముకే పెద్దపీట వేయాలి. మీరు చేరిన నిర్ణయాన్ని 'అదే వస్తువు', 'అదే నమూనా', 'పోలిక ఉంది' అని మూడు స్థాయిలలో రాసుకుంటే తరువాత చూసేవారికి మీ మాట ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

చివరి పేర్ల జాబితాను వదలకండి. పునఃప్రసారాల్లో దాన్ని కుదించడమో కత్తిరించడమో జరుగుతుంది. కోత లేని ప్రతి సంపాదించి, కళా దర్శకుని పేరుతో పాటు సెట్ డెకరేటర్ (గదిని అలంకరించేవారు), ప్రాపర్టీ మాస్టర్ (సామగ్రి చూసేవారు) పేర్లు రాసుకోండి. వారు అదే స్టూడియోలో, అటూ ఇటూ సంవత్సరాల్లో పనిచేసిన మిగతా ధారావాహికలు వెతికి చూడండి. మీరు గుర్తించిన దీపమో బొమ్మో మళ్ళీ కనబడే అవకాశం అక్కడే ఎక్కువ.