తిరుపతిలో ఏఐ కంపెనీ పెట్టాలంటే ముందు ఏం చూసుకోవాలి

ఏఐ కంపెనీ అనగానే చాలామంది ముందు బిల్డింగు వెతుకుతారు. కానీ ఏఐ కంపెనీలు ఒక ఊరికి వచ్చేది బిల్డింగు కోసం కాదు. తీర్చాల్సిన పని దగ్గర్లో ఉండాలి, దానికి కావాల్సిన డేటా చేతికి అందాలి, ఆ డేటాను అర్థం చేసుకునే మనుషులు దొరకాలి. ఈ మూడూ కలిసిన చోటికి ఒక కంపెనీ వస్తే, దాని వెనకే ఇంకోటి వస్తుంది. కంప్యూటర్ బలం మాత్రం ఎక్కడినుంచైనా అద్దెకు తెచ్చుకోవచ్చు.

2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ డేటా సెంటర్ ప్రకటించింది. అది వేరే లెక్క. దానికి గిగావాట్ స్థాయి కరెంటు, సముద్రపు కేబుళ్లు ఒడ్డుకు చేరే తీరం కావాలి. తిరుపతి ఆ పోటీలోకి దిగనక్కర్లేదు. ఇక్కడి బలం మనుషులు, పనులు. ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ (సైన్సు విద్య, పరిశోధన సంస్థ) ఉన్నాయి, రెండూ 2015లో మొదలైనవే. శ్రీసిటీలో ట్రిపుల్ ఐటీ ఉంది. ఊళ్లోనే 1954 నాటి ఎస్వీ యూనివర్సిటీ, 1983 నాటి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉన్నాయి. గాదంకిలో వాతావరణ పరిశోధనకు పెద్ద రాడార్ ఉంది. రేణిగుంట చుట్టూ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు, చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, డెయిరీలు. చెన్నై మూడు గంటల దారి. కస్టమర్ చెన్నైలో ఉన్నా పొద్దున పోయి రాత్రికి తిరిగి రావచ్చు.

అందుకే మొదట చేయాల్సింది ఒక్క పని ఎంచుకోవడం. 'వ్యవసాయానికి ఏఐ' అనుకుంటే ఏడాది గడిచినా ఏదీ తేలదు. 'గుజ్జు ఫ్యాక్టరీ బెల్టు మీద పోయే తోతాపురి కాయల్లో మచ్చ కాయను పట్టుకోవాలి' అనుకుంటే వారంలో పని మొదలవుతుంది. ఈ ఉదాహరణనే కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే చాలా ప్రాజెక్టులు మోడల్ (ఉదాహరణలు చూసి నేర్చుకునే ఏఐ ప్రోగ్రామ్) దగ్గర కాదు, కెమెరా దగ్గరే చెడిపోతాయి.

బెల్టు సెకనుకు అర మీటరు కదులుతుందనుకోండి. కెమెరా షట్టర్ సెకనులో వందో వంతు తెరుచుకుంటే ఆలోపు కాయ 5 మిల్లీమీటర్లు జరిగిపోతుంది. చిన్న మచ్చ ఫొటోలో అలికినట్టు అయిపోతుంది. షట్టర్ వెయ్యో వంతుకు తగ్గిస్తే జరిగేది అర మిల్లీమీటరే, మచ్చ స్పష్టంగా కనిపిస్తుంది. కానీ అప్పుడు వెలుతురు చాలదు. పైగా పాత ట్యూబ్‌లైట్లు మన 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు వంద సార్లు మిణుకుతాయి కాబట్టి ఒక ఫొటో తెల్లగా, ఇంకోటి నల్లగా వస్తుంది. డీసీ సప్లై మీద నడిచే ఎల్‌ఈడీ దీపాలు పెట్టి, బెల్టు పైన మూడు వైపులా మూసిన డబ్బా కట్టించండి. బయటి ఎండ లోపలికి రాకూడదు. మోడల్ మార్చడం కంటే ఈ డబ్బా వల్లే ఎక్కువ తప్పులు తగ్గుతాయి.

ఇంకో పొరపాటు ఫొటోలను విడదీసేటప్పుడు జరుగుతుంది. ఒకే కాయను పది ఫొటోలు తీసి, కలగలిపి, కొన్నిటిని శిక్షణకు, కొన్నిటిని పరీక్షకు పెడతారు. పరీక్షలో మార్కులు బ్రహ్మాండంగా వస్తాయి. ఫ్యాక్టరీలో పెట్టిన రోజే మోడల్ బోల్తా పడుతుంది, ఎందుకంటే అది మచ్చను నేర్చుకోలేదు, ఆ కాయల్నే గుర్తు పెట్టుకుంది. తేదీల వారీగా, తోటల వారీగా విడదీయండి. శిక్షణలో వాడిన తోట కాయ ఒక్కటి కూడా పరీక్షలోకి రాకూడదు.

పని భాషకు సంబంధించినదైతే మన ప్రాంతానికి ఇంకా పెద్ద అవకాశం ఉంది. 'తిరుపతి' అనే మాటనే తీసుకోండి. కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే ప్రమాణమైన యూనికోడ్‌లో దానికి 7 గుర్తులు, వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో గుర్తుకు 3 బైట్లు, మొత్తం 21 బైట్లు. అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 8 బైట్లే. మోడల్ చదివే ముందు మాటలను ముక్కలు చేసే భాగాన్ని టోకనైజర్ అంటారు, ఆ ముక్కలే టోకెన్లు. ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని చేసిన టోకనైజర్ తెలుగు మాటను మరీ చిన్న ముక్కలుగా నరుకుతుంది. బిల్లు టోకెన్ల లెక్కన పడుతుంది కాబట్టి ఒకే జవాబుకు తెలుగులో చాలా ఎక్కువ కట్టాల్సి వస్తుంది. ఏ మోడల్ తీసుకున్నా ముందు మీ కస్టమర్లు రాసే వంద తెలుగు వాక్యాలను దాని టోకనైజర్‌లో వేసి, మాటకు సగటున ఎన్ని టోకెన్లు పడుతున్నాయో లెక్కపెట్టండి. రెండు మోడళ్లు దాదాపు ఒకేలా పనిచేస్తుంటే తక్కువ టోకెన్లు పడేదే తీసుకోండి.

మాట్లాడే తెలుగుకైతే చిత్తూరు యాసను గౌరవించాల్సిందే. రైతు ఫోన్లో 'వస్తా ఉండా' అంటే రాసేవాళ్లు 'వస్తున్నాను' అని దిద్దకూడదు. అలా దిద్దిన రాతతో నేర్చుకున్న మోడల్‌కు వినిపించేదొకటి, రాయాల్సిందొకటి అవుతుంది. వెయ్యి గంటల పుస్తకాల తెలుగు కంటే కుప్పం, పలమనేరు, పుత్తూరు మనుషులు మాట్లాడిన యాభై గంటలు ఇక్కడి పనికి ఎక్కువ ఉపయోగం. తమిళం కలిసిన చోట ఆ మాటలనూ విన్నది విన్నట్టే రాయించండి. రికార్డింగ్ 16 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనోలో పెడితే గంటకు దాదాపు 115 ఎంబీ అవుతుంది, దాచుకోవడం సమస్య కాదు. మనుషుల సమయమే సమస్య. గంట ఆడియోను జాగ్రత్తగా రాయడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. మొదటి వారం ఒకే ఆడియోను ఇద్దరి చేత విడివిడిగా రాయించి పోల్చండి. తేడాలు ఎక్కువుంటే మనుషుల్ని మార్చకండి, ముందు మీ సూచనల కాగితాన్ని సరిచేయండి. తప్పు సాధారణంగా అందులోనే ఉంటుంది.

ఉద్యోగుల్ని తీసుకునేటప్పుడు సర్టిఫికెట్ల కంటే ఒక చిన్న పరీక్ష మేలు: తప్పులున్న 200 నిజమైన రికార్డులిచ్చి, రెండు గంటల్లో శుభ్రం చేయమనండి, ఏం తప్పులు కనిపించాయో అర పేజీ రాయమనండి. ఆ అర పేజీ చదివితే మనిషి తెలిసిపోతాడు. భాష పనికి ఇంజనీర్లొక్కరే చాలరు. యూనివర్సిటీల్లో తెలుగు చదివినవాళ్లను పార్ట్ టైమ్‌గానైనా పెట్టుకోండి. బెంగళూరులో పనిచేస్తూ అమ్మానాన్నల దగ్గరికి తిరిగొద్దామనుకునేవాళ్లు ఈ జిల్లాల వాళ్లు చాలామంది ఉన్నారు. అనుభవమున్న ఇద్దరు అలా దొరికితే కొత్తవాళ్లు పదిమంది వాళ్ల కింద నేర్చుకుంటారు.

ఇక మిషను, అంటే మోడల్‌కు శిక్షణ ఇచ్చే కంప్యూటర్. మొదటి ఆరు నెలలు అద్దెకే తీసుకోమంటాం. ముంబై, హైదరాబాదుల్లో కంప్యూటర్లు అద్దెకిచ్చే పెద్ద క్లౌడ్ కంపెనీల సెంటర్లున్నాయి. 2024 మార్చిలో కేంద్రం ఆమోదించిన ఇండియాఏఐ మిషన్ కింద స్టార్టప్‌లు రాయితీ ధరకు జీపీయూలు (ఏఐ లెక్కలు వేగంగా చేసే చిప్పులు) అడగొచ్చు. కొనాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి మిషను ధరను గంట అద్దెతో భాగించండి. వచ్చిన గంటలు ఏడాదిన్నరలో నిజంగా వాడతారనుకుంటేనే కొనండి.

కొంటే కరెంటు లెక్క తప్పదు. 24 జీబీ మెమరీ ఉన్న ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4090 జీపీయూ కార్డు ఒక్కటి 450 వాట్లు లాగుతుంది. రెండు కార్డులు, మిగతా భాగాలు కలిపి 1.3 కిలోవాట్లు అనుకోండి. రాత్రీపగలూ నడిస్తే నెలకు 936 యూనిట్లు, ఏసీ ఖర్చు వేరే. ఇంటి ఇన్వర్టర్ మీద పెట్టకండి, కరెంటు పోయి అది మారే క్షణంలో మిషను ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. 3 కేవీఏ ఆన్‌లైన్ యూపీఎస్ పెట్టి, శిక్షణ మధ్యలో అరగంటకోసారి చెక్‌పాయింట్ (మోడల్ అప్పటివరకు నేర్చుకున్నది) సేవ్ అయ్యేలా చూసుకోండి. యూపీఎస్ మీద ఏసీ ఉండదు కాబట్టి మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే ఆ గది నిమిషాల్లో వేడెక్కుతుంది. పై అంతస్తు శ్లాబు కింద గది తీసుకోవద్దు. కార్డు పవర్‌ను 350 వాట్లకు పరిమితం చేస్తే వేగం కొంచెమే తగ్గుతుంది, వేడి బాగా తగ్గుతుంది. 700 కోట్ల పారామీటర్ల (మోడల్ నేర్చుకుని దాచుకునే అంకెల) మోడల్ ఒక్కో అంకెను 16 బిట్లలో దాస్తే కార్డు మెమరీలో 14 జీబీ తీసుకుంటుంది, 4 బిట్లలో దాదాపు 4 జీబీ. మోడల్ మొత్తాన్ని మార్చకుండా చిన్న భాగం మాత్రమే కలిపి నేర్పే లోరా పద్ధతిలో శిక్షణ ఇవ్వడానికి 24 జీబీ కార్డు ఒక్కటి చాలు. ఇంటి మీటరు మీద ఆఫీసు నడపకుండా కమర్షియల్ మీటరు పెట్టించుకోండి, ఎర్తింగ్ కొలిపించుకోండి. కరెంటు పంపిణీ చేసే ఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది.

కాగితాల సంగతి పెద్ద చిక్కు కాదు: కంపెనీ రిజిస్ట్రేషన్, స్టార్టప్ ఇండియా గుర్తింపు, విదేశాలకు సాఫ్ట్‌వేర్ పంపేవాళ్లకు తిరుపతిలోనే ఎస్‌టీపీఐ (సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా) కేంద్రం. ఒక్కచోట మాత్రం తొందరపడకండి. గొంతులు, ముఖాలు రికార్డు చేస్తే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని దృష్టిలో పెట్టుకోవాలి. అనుమతి పత్రం తెలుగులో ఉండాలి, ఎందుకు వాడతారో రెండు వాక్యాల్లో చెప్పాలి, వద్దన్నవాళ్ల రికార్డింగ్ తీసేసే దారి ఉండాలి. ఫ్యాక్టరీతో ఒప్పందంలో ఫొటోలు ఎవరివి, మోడల్ ఎవరిది అన్నది విడివిడిగా రాసుకోండి.

చివరిగా క్యాలెండరు. తోతాపురి కాయ ఫ్యాక్టరీలకు వచ్చేది వేసవి చివర, వర్షాల మొదట్లో, కొన్ని వారాలే. ఆ వారాల్లో ఫొటోలు తీయలేకపోతే మళ్లీ ఏడాది ఆగాలి. జనవరిలో ఫ్యాక్టరీతో మాట్లాడండి, ఫిబ్రవరిలో డబ్బా, దీపాలు బిగించండి, మార్చిలో దొరికిన ఏ కాయలతోనైనా బెల్టు మీద కెమెరా పరీక్షించండి. మేలో గంగమ్మ జాతర వారం, ఆ తర్వాత బ్రహ్మోత్సవాల రోజులు బయటి కస్టమర్లను పిలవడానికి పనికిరావు, గదులు దొరకవు, రోడ్లు కదలవు. మొదటి లారీ గేటు దాటే రోజుకు మీ కెమెరా అప్పటికే రెండు వారాలుగా నడుస్తూ ఉండాలి.