ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్‌ల కోసం ఊళ్ళు తిరిగేవాళ్ళకి, చలి ముదిరేలోపు చూసుకోవాల్సిన జాగ్రత్తలు

మే నెలలో ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) షెడ్యూల్ వచ్చిందంటే చాలు అమెరికాలో ఉండే మనవాళ్ళ గ్రూపుల్లో హడావిడి మొదలైపోతుంది, ఈసారి లాంబో (గ్రీన్ బే ప్యాకర్స్ స్టేడియం) కొడదాం, కాదు ఆరోహెడ్ (కాన్సస్ సిటీ చీఫ్స్‌ది) అని, ఇక అక్కడినుంచి చర్చంతా టికెట్ రేటు మీదే నడుస్తుంది. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో టికెట్ కొనడమే తేలిక. మొత్తం 32 టీములకి స్టేడియాలు 30 (మెట్‌లైఫ్‌లో జెయింట్స్, జెట్స్ ఇద్దరూ ఆడతారు, సోఫైలో రామ్స్, చార్జర్స్), వీటన్నిటినీ ఒక్కొక్కటిగా చూసేయాలని తిరిగేవాళ్ళు మనవాళ్ళలో కూడా బాగానే ఉన్నారిప్పుడు. సెప్టెంబర్, అక్టోబర్‌లో కాస్త అటూఇటూ అయినా ఏదోలా గడిచిపోతుంది. థ్యాంక్స్‌గివింగ్ (నవంబర్ చివర) దాటాక ఉత్తరాది ఊళ్ళకి బయల్దేరినప్పుడు మాత్రం అలా కుదరదు, డబ్బులు పోవచ్చు, వేళ్ళు కూడా పోవచ్చు. వేళ్ళ సంగతి సరదాకి అనట్లేదు, కింద చెప్తా.

ముందు తేదీ సంగతి. టికెట్ మీద ఆదివారం మధ్యాహ్నం 1 గంట అని ఉంటే అదే ఖాయం అనుకుని ఫ్లైట్ బుక్ చేసేస్తారు చాలామంది. లీగ్ దగ్గర ఫ్లెక్స్ అని ఒకటుంది, టీవీలో ఎక్కువమంది చూసే మ్యాచ్‌ని ప్రైమ్ టైమ్‌కి జరుపుకునే హక్కు. ఆదివారం రాత్రికి జరపాలంటే సీజన్ 5వ వారం నుంచి 13వ వారం దాకా 12 రోజుల ముందు చెప్తారు, 14 నుంచి 17 దాకా ఆరు రోజుల ముందు చెప్తే చాలు వాళ్ళకి. 2023 నుంచి సోమవారానికి కూడా జరపొచ్చు. గురువారానికి జరపాలంటే మొదట్లో 28 రోజుల నోటీసు ఉండేది, 2025లో దాన్ని 21 రోజులకి తగ్గించారు. 2024 డిసెంబర్‌లో బ్రాంకోస్, చార్జర్స్ మ్యాచ్ 22వ తారీఖు ఆదివారం ఉండాల్సింది 19వ తారీఖు గురువారానికి వచ్చేసింది, క్రిస్మస్ సెలవుల్లో కలిసొస్తుందని వీకెండ్‌కి ఫ్లైట్ కొనుక్కున్నవాళ్ళ పరిస్థితి ఒక్కసారి ఊహించుకోండి. ఇక 18వ వారం అయితే శనివారమో ఆదివారమో కూడా చివరిదాకా తెలీదు, అందుకే నేను చివరి వారం మ్యాచ్‌కి విమానం ఎక్కే ఊరు పెట్టుకోవద్దనే చెప్తా, కారులో వెళ్ళగలిగే ఊరైతే సరే.

కాబట్టి డిసెంబర్ ట్రిప్‌కి హోటల్ చివరి రోజుదాకా క్యాన్సిల్ చేసుకునేలా ఉండాలి, ఫ్లైట్ బేసిక్ ఎకానమీ (మార్చుకోవడం కష్టమైన చవక టికెట్) వద్దే వద్దు, 40 డాలర్లు మిగిలాయని సంబరపడి తర్వాత మొత్తం వదులుకోవడం ఎందుకు. రీసేల్‌లో కొన్న టికెట్‌కి మ్యాచ్ వాయిదా పడినా, రోజు మారినా సాధారణంగా డబ్బులు వెనక్కి రావు, పూర్తిగా రద్దయితేనే వస్తాయి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రద్దవడం అనేది దాదాపు ఉండదు, ఎలాగోలా ఎక్కడో ఆడించేస్తారు. 2022 నవంబర్‌లో బఫెలో పక్కన ఆర్చర్డ్ పార్క్‌లో దాదాపు 80 ఇంచుల మంచు పడితే బిల్స్, బ్రౌన్స్ మ్యాచ్‌ని తీసుకెళ్ళి డెట్రాయిట్‌లో ఫోర్డ్ ఫీల్డ్‌లో పెట్టారు. 2024 జనవరిలో బఫెలోలో బిల్స్, స్టీలర్స్ ప్లేఆఫ్ (నాకౌట్) మ్యాచ్ ఆదివారం నుంచి సోమవారానికి మారింది, అప్పుడు ఆ కౌంటీలో ట్రావెల్ బ్యాన్ కూడా పెట్టారు. బ్యాన్ ఉన్నప్పుడు కారు తీస్తే టికెట్ (ఫైన్) రాస్తారు, ఆ టికెట్‌తో మ్యాచ్ చూడనివ్వరు మరి.

స్టేడియం ఏ ఊళ్ళో ఉందో కూడా చూసుకోండి, టీమ్ పేరులో ఉన్న ఊళ్ళో ఉండాలని రూలేం లేదు. న్యూయార్క్ టీములు రెండూ ఆడేది న్యూజెర్సీలో ఈస్ట్ రదర్‌ఫర్డ్‌లో. ఫార్టీనైనర్స్ స్టేడియం శాన్ ఫ్రాన్సిస్కో నుంచి 40 మైళ్ళకి పైనే, శాంటా క్లారాలో. పేట్రియాట్స్‌ది బాస్టన్ కాదు ఫాక్స్‌బరో, అక్కడ రూట్ 1 ఒక్కటే దిక్కు, మ్యాచ్ రోజు బాస్టన్ సౌత్ స్టేషన్ నుంచి వేసే ట్రైన్ దొరికితే మారు మాట్లాడకుండా ఎక్కేయండి. డాలస్ వాళ్ళ స్టేడియం ఆర్లింగ్టన్‌లో, స్టేడియం దాకా ట్రైన్ లేదు. సియాటెల్, అట్లాంటా, ఫిలడెల్ఫియా, మిన్నియాపోలిస్ హాయి, ట్రైన్ దిగి నడిచి వెళ్ళిపోవచ్చు. మెట్‌లైఫ్‌కి సికాకస్‌లో మారి వెళ్ళే ట్రైన్ ఉంది, వెళ్ళేటప్పుడు బాగానే ఉంటుంది, వచ్చేటప్పుడు క్యూ చూస్తే గుండె జారుతుంది.

బ్యాగ్ గురించి ఎన్నిసార్లు చెప్పినా గేటు దగ్గర ఎవరో ఒకరు ఇరుక్కుంటూనే ఉంటారు. 2013 నుంచి అన్ని స్టేడియాల్లో క్లియర్ బ్యాగ్ రూల్, ప్లాస్టిక్ బ్యాగ్ పారదర్శకంగా ఉండాలి, 12 ఇంచుల పొడవు, 6 వెడల్పు, 12 ఎత్తు మించకూడదు, లేదంటే ఒక గాలన్ జిప్‌లాక్ కవర్. దానితోపాటు అరచేయంత చిన్న పర్సు ఒకటి, నాలుగున్నర బై ఆరున్నర ఇంచులు. ఎయిర్‌పోర్ట్ నుంచి బ్యాక్‌ప్యాక్‌తో నేరుగా వచ్చేద్దాం అనుకునేవాళ్ళు ఆలోచించుకోండి, లోపలికి పోనివ్వరు, దాచుకునే చోటు అన్ని చోట్లా ఉండదు. గొడుగులు కూడా దాదాపు ఎక్కడా అనుమతించరు, వాన ఉంటే రెయిన్ పాంచో. ఒకసారి బయటికి వస్తే మళ్ళీ లోపలికి రానివ్వరు కాబట్టి కార్లో జాకెట్ మర్చిపోయాం తెచ్చుకుంటాం అంటే కుదరదు.

టికెట్ ఫోన్‌లోనే ఉంటుంది, స్క్రీన్‌షాట్ పనికిరాదు ఎందుకంటే బార్‌కోడ్ మారుతూ ఉంటుంది. గేటు దగ్గర వేలమంది ఒకేసారి నెట్ వాడతారు కాబట్టి హోటల్ దగ్గరే వాలెట్‌లోకి ఎక్కించేసుకోండి, నలుగురి టికెట్లు ఒక్కడి ఫోన్‌లో పెట్టుకోకుండా ఎవరిది వాళ్ళకి ట్రాన్స్‌ఫర్ చేసేయండి. ఇక్కడ చలికాలంలో ఎవరూ చెప్పని ఇంకో తంటా ఉంది. మైనస్ చలిలో ఫోన్ బ్యాటరీ 60 శాతం చూపిస్తూ చూపిస్తూనే టక్కున ఆరిపోతుంది. ఫోన్ జాకెట్ బయటి జేబులో పెట్టకండి, లోపల ఒంటికి ఆనుకుని ఉండే జేబులో పెట్టండి, పవర్ బ్యాంక్ కూడా లోపలే. స్టేడియాల్లో ఇప్పుడు దాదాపు అన్నీ క్యాష్‌లెస్, అందుకే ఒక కార్డు విడిగా జేబులో ఉంచుకోండి, ఫోన్ పోతే కాఫీ కూడా కొనలేరు.

ఇప్పుడు అసలు విషయం, చలి. 2024 జనవరి 13న ఆరోహెడ్‌లో చీఫ్స్, డాల్ఫిన్స్ ప్లేఆఫ్ మ్యాచ్ మొదలయ్యేటప్పటికి మైనస్ 4 ఫారన్‌హీట్, మన లెక్కలో మైనస్ 20 సెల్సియస్, గాలి కలుపుకుంటే మైనస్ 27 ఫారన్‌హీట్. ఆ మ్యాచ్‌కి వెళ్ళినవాళ్ళలో కొందరికి ఫ్రాస్ట్‌బైట్ (చలికి చర్మం గడ్డకట్టడం) వచ్చి తర్వాత వేళ్ళు తీసేయాల్సి వచ్చింది.  అలాంటి గాలిలో బయట పెట్టిన చర్మం అరగంటలో గడ్డకట్టడం మొదలవుతుంది, మనం బయట ఉండేది అరగంటా? టెయిల్‌గేట్ (మ్యాచ్ ముందు పార్కింగ్‌లో జరిగే విందు) మూడు గంటలు, గేటు దగ్గర లైను, మ్యాచ్ మూడు గంటల పైచిలుకు, మళ్ళీ కారుదాకా నడక, ఎంత లేదన్నా ఏడు గంటలు. ఫోన్‌లో కనిపించే టెంపరేచర్ చూసి ఓహో రోజూ ఆఫీసుకి వెళ్ళే చలే కదా అనుకోవద్దు, ఆఫీసుకి మనం కారు నుంచి తలుపుదాకా నడుస్తాం, ఇక్కడ కదలకుండా కూర్చుంటాం.

చలి మొదట పట్టేది పాదాలకి. కింద కాంక్రీట్ ఐసులా ఉంటుంది, బూట్ల అడుగునుంచి వేడంతా లాగేస్తుంది. గ్రీన్ బే పాతకాపులు ఏం చేస్తారంటే ఒక అట్టముక్క తెచ్చుకుని పాదాల కింద వేసుకుంటారు, చూడ్డానికి నవ్వొస్తుంది గానీ 200 డాలర్ల బూట్లు చేయలేని పని అది చేస్తుంది. లాంబోలో చాలా సీట్లు అల్యూమినియం బెంచీలు కాబట్టి కూర్చునే చోట కూడా ఏదో ఒకటి వేసుకోవాలి, సీట్ కుషన్ తెచ్చుకుంటే జేబులూ జిప్పులూ లేనిది తెచ్చుకోండి. రెండు జతల సాక్సులు కుక్కేసి బూటు బిగించేస్తే ఇంకా తొందరగా తిమ్మిరెక్కుతుంది, రక్తం ఆడదు. ఒక మంచి ఉన్ని సాక్స్, ఒక సైజు పెద్ద బూటు, అంతే. కాలికి పెట్టుకునే వార్మర్లకి గాలి తగలాలి, బూటు బిగుతుగా ఉంటే అవి కూడా చల్లారిపోతాయి.

ఒంటికి ఆనే బట్ట కాటన్ ఉండకూడదు, జీన్స్ అసలు వద్దు. టెయిల్‌గేట్‌లో నడిచి, మెట్లెక్కి లోపల చెమట పడుతుంది, కాటన్ దాన్ని పీల్చుకుని అలాగే తడిగా ఉంటుంది, సెకండ్ హాఫ్‌లో ఆ తడే వణికిస్తుంది. ఉన్ని గానీ పాలిస్టర్ గానీ థర్మల్స్, మీద ఫ్లీస్, మీద గాలి దూరని జాకెట్, అన్నిటికీ మీద జెర్సీ. జెర్సీ కొనేటప్పుడే రెండు సైజులు పెద్దది కొనుక్కోవాలి, లేకపోతే ఆరోజు లోపలే ఉండిపోతుంది, డబ్బులు పెట్టి కొన్నది ఎవరికీ కనపడదు. మొహానికి మన మంకీ క్యాప్‌ని మించింది లేదు, సిగ్గుపడకండి. చేతులకి వేళ్ళు విడిగా ఉండే గ్లౌజుల కన్నా వేళ్ళన్నీ ఒకచోట ఉండే మిటెన్లు వేడిగా ఉంటాయి, లోపల పల్చటి గ్లౌజు ఒకటి వేసుకుంటే ఫోన్ తీసినప్పుడు చెయ్యి పూర్తిగా బయటపడదు. టచ్‌డౌన్ పడిందని ప్రతిసారీ గ్లౌజు తీసి వీడియో తీసేవాళ్ళని చూస్తే నాకు భయమేస్తుంది.

ఫ్రాస్ట్‌బైట్ ఎలా మొదలవుతుందో తెలుసుకోండి. ముందు సూదులు గుచ్చినట్టు నొప్పి, తర్వాత నొప్పి పోతుంది. అమ్మయ్య తగ్గింది అనుకుంటారు, అదే ప్రమాదం, స్పర్శ పోయిందన్నమాట. ఎర్రబడుతుందని చదివుంటారు గానీ మన రంగు మీద అంత తెలీదు, చర్మం పాలిపోయి బూడిద రంగులోకి, మైనం పూసినట్టు గట్టిగా అవుతుంది. అలా కనపడితే క్వార్టర్ అయ్యేదాకా చూద్దాం అనకుండా లేచి ఫస్ట్ ఎయిడ్ రూమ్‌కి వెళ్ళిపోండి. రుద్దకూడదు, హీటర్ ముందు పెట్టకూడదు, హ్యాండ్ వార్మర్ నేరుగా అదమకూడదు, స్పర్శ లేదు కాబట్టి కాలినా తెలీదు. చిన్నపిల్లల్ని మాత్రం అలాంటి మ్యాచ్‌కి తీసుకెళ్ళకండి, వాళ్ళకి చలేస్తోందని చెప్పడం కూడా రాదు.

మందు వేస్తే వేడెక్కుతుంది అనేది పెద్ద అబద్ధం, చర్మం దగ్గరికి రక్తం వచ్చి వెచ్చగా అనిపిస్తుంది, ఒంట్లో వేడి మాత్రం బయటికి పోతుంది. ఇంకో సంగతి, వీసా మీద ఉన్నవాళ్ళకి ఇది చలి కన్నా ముఖ్యం, డీయూఐలో (తాగి బండి నడిపిన కేసులో) అరెస్ట్ అయితే కేసు తేలకముందే వీసా రద్దు చేసే అవకాశం ఉంది. టెయిల్‌గేట్‌లో పక్క టెంట్ వాళ్ళు ఎంతో ప్రేమగా గ్లాసు చేతిలో పెడతారు, మీరు బిర్యానీ ట్రే తెరిస్తే ఇంకా పెడతారు, డ్రైవ్ చేసేవాడెవడో పొద్దున్నే తేల్చుకుని వాడికి ఒక్క చుక్క కూడా ఇవ్వకండి. వేరే టీమ్ జెర్సీ వేసుకెళ్ళడం తప్పేం కాదు, నోరు మాత్రం అదుపులో పెట్టుకోండి. గొడవపడితే గెంటేస్తారు, మళ్ళీ రావాలంటే ఆన్‌లైన్ క్లాసు పూర్తి చేయమంటారు. ఎవడైనా మీ వెనక పిచ్చిగా చేస్తుంటే తగువు పెట్టుకోకుండా స్టేడియంలో రాసి ఉండే నంబర్‌కి సీటు నంబర్ టెక్స్ట్ చేయండి, మనుషుల్ని పంపిస్తారు.

రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి, షికాగో నుంచి గ్రీన్ బే 200 మైళ్ళు, మామూలు రోజు మూడున్నర గంటలు, మంచు పడితే ఆ లెక్క మర్చిపోండి, ముందు రోజే చేరిపోవాలి. బఫెలో వైపు లేక్ ఎఫెక్ట్ మంచు (సరస్సు మీది గాలి తెచ్చేది) సన్నటి పట్టీలా పడుతుంది, ఇక్కడ ఎండ ఉంటుంది, పది మైళ్ళు వెళ్తే ముందున్న కారు కనపడదు. రెంటల్ కారుకి సాధారణంగా మంచు టైర్లు ఉండవు. ట్యాంక్ సగానికి తగ్గనివ్వకండి, దుప్పటి, పార, నీళ్ళు కారులో ఉంచండి, ఎక్కడైనా ఇరుక్కుని ఇంజన్ వేసి కూర్చోవాల్సి వస్తే ముందు దిగి సైలెన్సర్ గొట్టం దగ్గర మంచు తీసేయండి, లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది.

బఫెలో వెళ్తే ఎలాగూ నయాగరా చూడకుండా రారు. కెనడా వైపు నుంచి బాగుంటుందట అని ఊపులో బ్రిడ్జి ఎక్కేయకండి, ఇండియన్ పాస్‌పోర్ట్ మీద కెనడా వీసా లేకుండా (గ్రీన్ కార్డ్ ఉంటే సరే) అటు వెళ్ళడం, మళ్ళీ ఇటు రావడం రెండూ తలనొప్పే. జీపీఎస్ చెప్పింది కదా అని పోకుండా బోర్డులు చదవండి. 2025 మే 7 నుంచి లోపలి ఫ్లైట్లకి కూడా రియల్ ఐడీ (ఫెడరల్ ప్రమాణాలకి సరిపోయే ఐడీ) అడుగుతున్నారు, మీ లైసెన్స్ మీద నక్షత్రం గుర్తు లేకపోతే పాస్‌పోర్ట్ పట్టుకెళ్ళండి, బార్డర్ దగ్గర ఊళ్ళకి వెళ్ళేవాళ్ళు ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు) కాపీ కూడా.

సీజన్ మొదట్లో ఫ్లోరిడా వైపు వెళ్ళేవాళ్ళకి ఉరుముల గొడవ ఉంటుంది, మెరుపు కనపడితే మ్యాచ్ ఆపి అందర్నీ కింద కాంకోర్స్‌లోకి (సీట్ల వెనక కప్పు ఉన్న నడవాలోకి) పొమ్మంటారు, సీట్లోనే ఉంటాం అనొద్దు. 2018 సెప్టెంబర్‌లో మయామిలో డాల్ఫిన్స్, టైటన్స్ మ్యాచ్ అలా రెండుసార్లు ఆగి 7 గంటల 8 నిమిషాలు పట్టింది, అందుకే ఆరోజు సాయంత్రమే రిటర్న్ ఫ్లైట్ పెట్టుకోకండి. డెన్వర్ సముద్ర మట్టానికి మైలు ఎత్తులో ఉంటుంది, నీళ్ళు ఎక్కువ తాగండి, పై అంతస్తు మెట్లు నెమ్మదిగా ఎక్కండి.

మ్యాచ్ అయ్యాక ఊబర్ రేటు మూడు రెట్లు ఉంటుంది, అయినా దొరకదు. పదిహేను, ఇరవై నిమిషాలు నడిచి జనం పల్చబడ్డ చోట బుక్ చేస్తే తొందరగా వస్తుంది, కానీ మైనస్‌లో ఉన్నప్పుడు ఆ పని చేయకండి, ఏదైనా హోటల్ లాబీలోకో రెస్టారెంట్‌లోకో వెళ్ళి వేడివేడిగా ఏదైనా తాగుతూ గంట ఆగండి. సొంత కారైతే పార్కింగ్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి, చాలాచోట్ల మ్యాచ్ రోజు గేటు దగ్గర అమ్మరు, కారు పెట్టగానే లాట్ నంబర్ ఫోటో తీసుకోండి, చీకట్లో వేల ట్రక్కుల మధ్య మీ రెంటల్ ఏ రంగుదో కూడా గుర్తుండదు.