ర్యాంకు వచ్చినా సీటు ఎందుకు రావట్లేదు? ఇంటర్ సబ్జెక్టుల చిక్కులు, వాటి పరిష్కారాలు

ఎంట్రన్స్ రాయనిచ్చారు కాబట్టి సీటుకూ అర్హత ఉన్నట్టేనని చాలామంది నమ్ముతారు. ఏటా కౌన్సెలింగ్ రోజుల్లో ఎన్నో ఇళ్లలో టెన్షన్ పుట్టేది ఈ నమ్మకం నుంచే. పరీక్ష పెట్టే సంస్థ ఒకటి, సీటు ఇచ్చే యూనివర్సిటీ మరొకటి. దరఖాస్తు ఫారంలో మీరు నింపిన వివరాలను అప్పటికప్పుడు ఎవరూ లోతుగా చూడరు. మార్కుల మెమో తెరిచి సబ్జెక్టుల పేర్లు, శాతాలు చూసేది సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లోనే. అప్పటికి ఫీజు కట్టేసి ఉంటారు, వేరే కాలేజీ వదులుకుని ఉంటారు. అందుకే మీ పరిస్థితి కింద చెప్పినవాటిలో దేనికి దగ్గరగా ఉందో ఇప్పుడే చూసుకోండి.

సమస్య: జేఈఈ మెయిన్‌లో మంచి ర్యాంకు, ఎన్‌ఐటీ సీటు మాత్రం వెరిఫికేషన్‌లో ఆగింది

జేఈఈ మెయిన్ రాయడానికి ఇంటర్‌లో ఇన్ని మార్కులు రావాలన్న షరతు లేదు. కానీ ఆ ర్యాంకుతో ఎన్‌ఐటీలో, ట్రిపుల్ ఐటీలో చేరాలంటే పన్నెండో తరగతిలో 75 శాతం ఉండాలి, లేదా మీ బోర్డులో మీ కేటగిరీ టాప్ 20 పర్సంటైల్‌లో, అంటే మార్కుల్లో పై 20 శాతం మందిలో ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు 65 శాతం. జేఈఈ అడ్వాన్స్‌డ్ ద్వారా ఐఐటీకి వెళ్లేవాళ్లకూ ఇదే లెక్క.

మన దగ్గర ఇది ఎందుకు బెడిసికొడుతుందంటే, ఐఐటీ బ్యాచ్‌లలో ఐపీఈని, అంటే ఇంటర్ పబ్లిక్ పరీక్షలను, చివరి నెలలో చూసుకుందామని వదిలేస్తారు. ఇంగ్లిష్‌ని అసలు పుస్తకం తెరవకుండా రాసే పిల్లలున్నారు. 75 శాతం లెక్కలో లాంగ్వేజ్ మార్కులూ కలుస్తాయన్న సంగతి వాళ్లకు చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

ఏం చేయాలి? 75 రాలేదని వెంటనే ఆశ వదులుకోకండి. ముందు మీ బోర్డు టాప్ 20 పర్సంటైల్ కటాఫ్ ఎంతో చూడండి. అది బోర్డును బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది. రెండింటిలో ఏ ఒక్కటి ఉన్నా సరిపోతుంది. ఇంకా సెకండియర్‌లో ఉన్నవాళ్లకు నా మాట ఒకటే: ఫస్టియర్ మార్కులు తక్కువగా ఉంటే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో ఇంప్రూవ్‌మెంట్ రాయండి. పాసైపోయాం కదా అని వదిలేయొద్దు.

బిట్స్ పిలానీ, బిట్స్ హైదరాబాద్ వంటి క్యాంపస్‌లలో బీఈకి లెక్క ఇంకో రకంగా ఉంటుంది. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ మూడూ కలిపి 75 శాతం, ఒక్కోదాంట్లో కనీసం 60 శాతం రావాలి. మ్యాథ్స్‌లో 98, ఫిజిక్స్‌లో 95, కెమిస్ట్రీలో 58 వచ్చాయనుకోండి. సగటు 83 దాటింది, అయినా అర్హత లేదు. ‘మొత్తం మీద’ అని రాశారా, ‘ప్రతి సబ్జెక్టులో’ అని రాశారా అన్నది ప్రాస్పెక్టస్‌లో తప్పకుండా వెతకాల్సిన మాట.

సమస్య: ఏపీ ఈఏపీసెట్‌లో మార్కులు వచ్చాయి, ర్యాంకు రాలేదు

ఇంజినీరింగ్, ఫార్మసీ వంటి కోర్సుల ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ర్యాంకు లెక్కలో ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ, ఓపెన్ స్కూల్ విద్యార్థులు తమ మార్కులను డిక్లరేషన్ ఫారం ద్వారా విడిగా సమర్పించాలి. అలా చేయకపోతే ర్యాంకు ఆగిపోతుంది. వెబ్‌సైట్‌లో మార్కులు నమోదు చేసి మెమో అప్‌లోడ్ చేస్తే ఇది సర్దుకుంటుంది. తెలంగాణలో వెయిటేజీ తీసేశారు కాబట్టి అక్కడ ఈ చిక్కు లేదు. రెండు చోట్లా గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 శాతం మాత్రం తప్పనిసరి.

సమస్య: ఎంపీసీ చదివాను, ఇప్పుడు ఎంబీబీఎస్ చేయాలని ఉంది

ఈ ప్రశ్న అడిగే పిల్లలకు ‘అయిపోయింది, ఇక కుదరదు’ అని చెప్పి పంపేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ జవాబు పాతది.

ఒకప్పటి నిబంధనల ప్రకారం ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీని రెండేళ్లు రెగ్యులర్‌గా, ప్రాక్టికల్స్‌తో చదివి ఉండాలి. ఇంటర్ తర్వాత బయాలజీని విడిగా రాస్తే ఒప్పుకునేవారు కాదు. నేషనల్ మెడికల్ కమిషన్ 2023 నవంబరులో దీన్ని మార్చింది. పన్నెండో తరగతి పాసయ్యాక గుర్తింపు ఉన్న బోర్డు నుంచి బయాలజీ లేదా బయోటెక్నాలజీని అదనపు సబ్జెక్టుగా పాసైనా నీట్ రాయవచ్చు. జాతీయ ఓపెన్ స్కూల్ బోర్డు ఎన్‌ఐఓఎస్ ద్వారా బయాలజీ పూర్తి చేయడం చాలామందికి అందుబాటులో ఉన్న దారి.

అయితే ఇక్కడ జాగ్రత్త పడాల్సినవి ఉన్నాయి. బయాలజీ పాసైతేనే చాలదు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కలిపి జనరల్ కేటగిరీకి 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40 శాతం ఉండాలి. అదనపు సబ్జెక్టు మెమో, ప్రాక్టికల్స్ మార్కులతో సహా, అడ్మిషన్ నాటికి చేతిలో ఉండాలి. ఫలితం ఆలస్యమైతే ఆ ఏడాది పోయినట్టే. అందుకని నీట్ కోచింగ్‌లో చేరే ముందే బయాలజీ పరీక్షకు రిజిస్టర్ చేసుకోండి. కోచింగ్ తీసుకుంటూ ఇది తర్వాత చూద్దామనుకునేవాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు. ఇంకో మాట, ఈ సడలింపు ఇచ్చింది మెడికల్ కమిషన్. నర్సింగ్, ఆయుష్, వెటర్నరీ కోర్సులకు వేరే కౌన్సిళ్లు ఉన్నాయి. వాటి నిబంధన విడిగా చూసుకోవాల్సిందే.

ఇప్పుడు పదో తరగతిలో ఉండి, రెండింటి మధ్య ఊగిసలాడుతున్న పిల్లలకు ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి మ్యాథ్స్, బయాలజీ కలిపి చదివే ఎంబైపీసీ వీలు వచ్చింది. భారం ఎక్కువే. నిజంగా రెండూ ఇష్టమైన పిల్లలకే నేను దాన్ని సూచిస్తాను. తల్లిదండ్రుల భయం తీర్చడానికి మాత్రం వద్దు.

సమస్య: బైపీసీ చదివాను, ఇంజినీరింగ్ వైపు వెళ్లాలి

2021లో దేశంలో సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ ఇంజినీరింగ్ అర్హతకు సబ్జెక్టుల జాబితాను పెంచినప్పుడు ‘బీటెక్‌కు మ్యాథ్స్ అక్కర్లేదు’ అని వార్తలు వచ్చాయి. చాలామంది అదే పట్టుకుని కూర్చున్నారు. ఏఐసీటీఈ ఇచ్చింది దేశం మొత్తానికి కనీస నిబంధన. మన ఈఏపీసెట్ ఇంజినీరింగ్ స్ట్రీమ్ మ్యాథ్స్, ఫిజిక్స్ అడుగుతూనే ఉంది.

దారులు మూడున్నాయి. మొదటిది, బైపీసీ పాసైనవాళ్లు మ్యాథ్స్‌ను అదనపు సబ్జెక్టుగా రాయడం. మ్యాథ్స్‌కు ప్రాక్టికల్స్ లేవు కాబట్టి ఇంటర్ బోర్డు హాజరు మినహాయింపుతో ఇది కుదురుతుంది. ఆ దరఖాస్తు గడువు పరీక్షలకు చాలా ముందే ముగుస్తుంది. జనవరిలో మేలుకుంటే లాభం లేదు. రెండోది, తెలంగాణ ఈఏపీసెట్ బైపీసీ స్ట్రీమ్‌లోనే బయోటెక్నాలజీ, బయోమెడికల్, ఫార్మాస్యూటికల్ ఇంజినీరింగ్ బీటెక్ సీట్లున్నాయి. మూడోది చాలామందికి తెలియదు: ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్‌లో నడిపే డేటా సైన్స్ బీఎస్ డిగ్రీకి ఇంటర్‌లో ఏ గ్రూపైనా పర్వాలేదు. పదో తరగతిలో మ్యాథ్స్, ఇంగ్లిష్ చదివి ఉంటే చాలు. వాళ్లు పెట్టే క్వాలిఫయర్ పరీక్ష దాటాలి. సీఈసీ, హెచ్‌ఈసీ వంటి మ్యాథ్స్ లేని గ్రూపుల పిల్లలకు కూడా ఈ తలుపు తెరిచే ఉంది.

ఆర్కిటెక్చర్‌కు మాత్రం మ్యాథ్స్, ఫిజిక్స్ రెండూ కావాలి. దాని ప్రవేశ పరీక్ష నాటా రాసినంత మాత్రాన సరిపోదు.

సమస్య: సీయూఈటీలో స్కోరు బాగుంది, ఢిల్లీ యూనివర్సిటీ ఎకనామిక్స్ ఆనర్స్‌కు నా పేరే రాలేదు

సీయూఈటీ అంటే సెంట్రల్ యూనివర్సిటీల డిగ్రీ ప్రవేశ పరీక్ష. పేరు రాకపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ మ్యాథ్సే. అక్కడ బీఏ ఆనర్స్ ఎకనామిక్స్‌కు సీయూఈటీలో మ్యాథ్స్ రాసి ఉండాలి. సీఈసీలో ఎకనామిక్స్ ఎంత బాగా చదివినా మ్యాథ్స్ లేకపోతే ఆ కోర్సు దొరకదు. అందుకే ఎకనామిక్స్ మీద ఆసక్తి ఉన్న పిల్లలకు ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్) సరైన గ్రూపు. మన ఊళ్లలో ఎంఈసీ అంటే సీఏ కోసమేనన్న అభిప్రాయం ఉంది. దానివల్ల ఎంతోమంది మంచి పిల్లలు ఈ దారి చూడకుండానే వెళ్లిపోతున్నారు.

2025 నుంచి మరో గందరగోళం తోడైంది. ఇంటర్‌లో చదవని సబ్జెక్టును కూడా సీయూఈటీలో రాసే వీలు ఇచ్చారు. దాంతో ‘మ్యాథ్స్ పేపర్ రాసేస్తే చాలు’ అనుకుంటున్నారు. ఢిల్లీ యూనివర్సిటీ మాత్రం పన్నెండో తరగతిలో పాసైన సబ్జెక్టులనే సీయూఈటీలో రాసి ఉండాలంటుంది. మ్యాథ్స్ లేనివాళ్లు అక్కడే బీఏ ప్రోగ్రామ్‌లో ఎకనామిక్స్ ఉన్న కాంబినేషన్లు చూడవచ్చు.

ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో స్టాటిస్టిక్స్ డిగ్రీ బీస్టాట్‌కు కూడా పన్నెండులో మ్యాథ్స్, ఇంగ్లిష్ ఉండి తీరాలి.

సీబీఎస్‌ఈలో అప్లైడ్ మ్యాథ్స్ తీసుకున్నవాళ్లకు

మెమోలో మ్యాథ్స్ అన్న మాట ఉంటుంది కాబట్టి నిశ్చింతగా ఉంటారు. సీబీఎస్‌ఈలో మ్యాథమెటిక్స్ వేరు, అప్లైడ్ మ్యాథమెటిక్స్ వేరు. రెండోది కామర్స్, మేనేజ్‌మెంట్ వైపు వెళ్లేవాళ్ల కోసం పెట్టింది. ఇంజినీరింగ్ ఆలోచన కొంచెమైనా ఉంటే పదకొండో తరగతిలోనే మామూలు మ్యాథ్స్ తీసుకోండి.

ఒకేషనల్ ఇంటర్ చేసినవాళ్లకు

జనరల్ డిగ్రీ, ప్రొఫెషనల్ కోర్సుల అర్హత కోసం ఇంటర్ బోర్డు బ్రిడ్జి కోర్సు పరీక్షలు పెడుతుంది. ఒకేషనల్‌తో పాటే అవి కూడా రాసేయండి. తర్వాత రాద్దామని వాయిదా వేయొద్దు.

కెనడాలో పిల్లల్ని చదివిస్తున్న మనవాళ్లకు

ఒంటారియోలో గ్రూపులు ఉండవు, కోర్సులు ఉంటాయి. అందుకే పొరపాటు కనిపించకుండా జరిగిపోతుంది. యూనివర్సిటీకి గ్రేడ్ 12లో యూ (యూనివర్సిటీ) లేదా ఎం (యూనివర్సిటీ/కాలేజీ) స్థాయి కోర్సులు ఆరు కావాలి, అందులో ఇంగ్లిష్ తప్పనిసరి. ఇంజినీరింగ్‌కు సాధారణంగా అడ్వాన్స్‌డ్ ఫంక్షన్స్, క్యాలిక్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ అడుగుతారు. చిక్కు గ్రేడ్ 11లోనే మొదలవుతుంది. అక్కడ యూ స్థాయి ఫంక్షన్స్ వదిలేసి తేలికైన ఎం స్థాయి మ్యాథ్స్ తీసుకుంటే, నేరుగా అడ్వాన్స్‌డ్ ఫంక్షన్స్‌కు వెళ్లలేరు. అది లేనిదే క్యాలిక్యులస్ లేదు. సమ్మర్ స్కూల్‌లో ఆ కోర్సు చేసి సరిదిద్దుకోవచ్చు. కొన్ని యూనివర్సిటీలు రెగ్యులర్ స్కూలు బయట చేసిన కోర్సులను వేరే కంటితో చూస్తాయి కాబట్టి ముందు అడగండి.

ఇంకా గ్రూపు ఎంచుకోనివాళ్లకు

లా, డిజైన్ కోర్సుల్లో చాలావాటికి ఏ గ్రూపైనా సరిపోతుంది. ఎటు వెళ్లాలో తేలని పిల్లలకు మ్యాథ్స్ ఉన్న గ్రూపే ఎక్కువ దారులు మిగులుస్తుందని నా అభిప్రాయం. లెక్కలంటే ఏడ్చే పిల్లను మాత్రం బలవంతంగా కూర్చోబెట్టొద్దు.

గ్రూపు నిర్ణయించే ముందు పిల్లలకు నచ్చిన నాలుగైదు డిగ్రీల ఈ ఏటి ప్రాస్పెక్టస్‌లు డౌన్‌లోడ్ చేసి ‘అర్హత’ అన్న భాగం చదవండి. పరీక్ష రాయడానికి అర్హత, ప్రవేశానికి అర్హత అని రెండు చోట్ల ఉంటుంది. రెండోదే ముఖ్యం. అర్థం కాకపోతే కన్సల్టెంట్‌నో పక్కింటివాళ్లనో అడిగి సరిపెట్టుకోకండి. మీ మెమోలో ఉన్న సబ్జెక్టుల పేర్లు యథాతథంగా రాసి ఆ యూనివర్సిటీ అడ్మిషన్స్ విభాగానికి మెయిల్ పెట్టండి. వచ్చిన జవాబు ప్రింట్ తీసి సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టుకోండి.