దేవుని చిత్తం కోసం ఎలా ప్రార్థన చేయాలి?

సంబంధం వచ్చినా, ఇల్లు కొనాలన్నా, దుబాయ్‌లో జాబ్ వచ్చినా మన చర్చిల్లో అనే మాట ఒకటే, "ప్రభువు చిత్తం కోసం ప్రార్థన చేస్తున్నామండి" అని, అంటే ఇందులో ఆయన ఇష్టం ఏమిటో తెలియాలని. కానీ ఆ ప్రార్థన ఎలా చేయాలో కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు తక్కువ. దుబాయ్ జాబ్ సంగతే తీసుకుని చెప్తాను.

ముందు, బైబిల్లో తేల్చి చెప్పేసినవాటి కోసం అడగకండి. ఏజెంట్ దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ పెడదాం అంటే దానికి మూడు రోజులు ఉపవాసం అక్కర్లేదు, అబద్ధం వద్దు అని ఆయన ఎప్పుడో చెప్పేశాడు.

తర్వాత మీ మనసులో ఉన్నది దాచకుండా చెప్పేయండి. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసుప్రభువు ముందు ఆ గిన్నె, అంటే రాబోయే శ్రమ, తొలగిపోవాలనే అడిగాడు, ఆ తర్వాతే నీ చిత్తప్రకారమే కానిమ్ము అన్నాడు (మత్తయి 26:39), అలా మూడుసార్లు ప్రార్థన చేశాడు. మనం మాత్రం మొదటి మాట మింగేసి రెండోది మాత్రమే పైకి అంటాం. "ప్రభువా నాకు వెళ్ళాలనుంది, అప్పులున్నాయి, పిల్లల్ని వదిలి ఉండాలంటే భయంగా ఉంది" అని చెప్పండి. చెప్పాక మిమ్మల్ని మీరే అడగండి, ఆయన వద్దంటే నేను నిజంగా ఆగుతానా? ఆగను అనిపిస్తే జాబ్ సంగతి పక్కన పెట్టి ముందు ఆ మనసు కోసమే ప్రార్థన చేయండి, దీనికే రోజులు పడుతుంది, పట్టనివ్వండి.

కళ్ళు మూసుకుని బైబిల్ తెరిచి వేలు పడ్డ వచనాన్ని జవాబు అనుకోవడం మాత్రం వద్దు. గిద్యోను యుద్ధానికి వెళ్ళే ముందు నేల మీద గొర్రెబొచ్చు పెట్టి, అది మాత్రమే మంచుకు తడవాలని దేవుణ్ణి గుర్తు అడిగాడు కదా అంటారు, కానీ న్యాయాధిపతులు 6 మొత్తం చదవండి, వెళ్ళమని దేవుడు అతనికి అప్పటికే చెప్పాడు, బొచ్చు పెట్టింది ఆ మాట మీద ఇంకా ధైర్యం చాలక. రోజూ చదివే భాగాన్నే వరుసగా చదువుకుంటూ పొండి.

పోయినసారి వచ్చిన జవాబు ఈసారికి వాడుకోవద్దు కూడా. దావీదు మీదికి అదే ఫిలిష్తీయులు అదే రెఫాయీము లోయలోకి రెండుసార్లు వస్తే రెండుసార్లూ అడిగాడు, మొదట వెళ్ళు అన్న దేవుడు రెండోసారి ఎదురుగా వెళ్ళొద్దు వెనక నుంచి చుట్టు తిరిగి రా అన్నాడు (2 సమూయేలు 5).

ప్రార్థన చేస్తూనే ఎంక్వైరీ కూడా చేయండి. ఏజెంట్ పేరు ప్రభుత్వం వాళ్ళ ఈ-మైగ్రేట్ సైట్లో ఉందా, ఇచ్చేది ఎంప్లాయ్‌మెంట్ వీసానా విజిట్ వీసానా, కాంట్రాక్ట్‌లో జీతం ఎంత రాశారు. దగ్గర్లోనే ఉండే గిబియోనువాళ్ళు చాలా దూరం నుంచి వచ్చామని నమ్మించడానికి బూజు పట్టిన రొట్టె చూపిస్తే, ఇశ్రాయేలు నాయకుడు యెహోషువ, అతని వాళ్ళు దాన్ని చూశారు గానీ దేవుణ్ణి అడగలేదు, మోసపోయారు. చూడటం తప్పు కాదు, అడగకపోవడమే తప్పు. పాస్టర్ గారితో, భార్యతో, మీకు మొహమాటం లేకుండా వద్దని చెప్పగల ఒక పెద్దాయనతో మాట్లాడండి, "దేవుడు నాకు చెప్పేశాడు" అని మొదలుపెడితే ఇంక వాళ్ళు నోరు తెరవరు.

ఇన్ని చేసినా క్లియర్‌గా తెలియకపోతే? సువార్త చెప్పడానికి బయల్దేరిన పౌలును దేవుడు ఆసియాలో (అప్పట్లో అది ఒక రోమా రాష్ట్రం పేరు) ఆపాడు, బితూనియకు వెళ్ళనివ్వలేదు, త్రోయ దాకా నడిచాకే మాసిదోనియకు రమ్మనే దర్శనం వచ్చింది (అపొస్తలుల కార్యములు 16). కంపెనీకి జవాబు చెప్పాల్సిన తేదీ దాకా దేవుని కోసం ఎదురుచూడండి, ఆ రోజుకి ఏ తలుపూ మూసుకోకపోతే, మనసులో నెమ్మది ఉంటే, సంతకం పెట్టేయండి. దారిలో ఆపాలనుకుంటే ఆపడం ఆయనకి తెలుసు.