నిద్ర పరీక్ష తేదీ వచ్చేలోపు పగటి నిద్రమత్తును ఎలా నెట్టుకురావాలి?

రాత్రి ఏడెనిమిది గంటలు పడుకున్నా పగలు కూర్చున్న చోటే కళ్లు మూతలు పడుతుంటే, ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకమని తేల్చేస్తారు. నిజానికి దాని వెనుక నిద్రలో శ్వాస ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియా ఉండవచ్చు, పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే నార్కోలెప్సీ అనే జబ్బు ఉండవచ్చు, థైరాయిడ్ లోపమో రక్తహీనతో కుంగుబాటో ఉండవచ్చు, లేదా రోజూ వేసుకునే మాత్రే కారణం కావచ్చు. ఏదన్నది తేల్చడానికి ల్యాబులో తలకు వైర్లు అంటించి రాత్రంతా నిద్రను గమనించే నిద్ర పరీక్ష చేయాల్సి రావచ్చు, దాని తేదీ దొరకడానికి ఒక్కోసారి వారాలు పడుతుంది. ఈలోగా ప్రమాదం జరగకుండా చూసుకోవాలి, డాక్టరుకు పనికొచ్చే వివరాలు పోగుచేయాలి. మిగతావన్నీ ఆ రెంటి తర్వాతే.

1. ముందుగా బండి తాళాలు పక్కన పెట్టండి

బండి నడుపుతూ ఒక్కసారి తూగినా, సిగ్నల్ దగ్గర కునుకు పట్టినా, కారణం తేలేవరకు నడపకపోవడమే సరైన పని. కిటికీ అద్దం దించడం, పాటలు పెట్టుకోవడం, ముఖాన నీళ్లు చల్లుకోవడం వంటి ఉపాయాలను నమ్ముకోకూడదు. నిద్ర ముంచుకొచ్చేటప్పుడు అవి దాన్ని ఆపలేవు. బస్సు, మెట్రో, ఆటో, తోటి ఉద్యోగి బండి వెనక సీటు వంటి ఏర్పాటు ఏదో ఒకటి చేసుకోవాలి, అయితే ద్విచక్ర వాహనం వెనక కూర్చుని తూగడం కూడా ప్రమాదమేనని మరిచిపోకూడదు. పొయ్యి మీద నూనె పెట్టి కూర్చోవడం, నిచ్చెన ఎక్కడం, మోటార్లూ కోత యంత్రాలూ నడపడం, పసిపిల్లలకు ఒంటరిగా స్నానం చేయించడం కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

2. రెండు వారాల పాటు నోటుపుస్తకం రాయండి

డాక్టరు గదిలో ‘ఎప్పుడూ నిద్రొస్తోందండీ’ అంటే పెద్దగా తెలిసేదేమీ ఉండదు. అదే ఒక పేజీలో ఇలా ఉంటే ఎంతో తెలుస్తుంది: ‘మంగళవారం. రాత్రి 11:15కి పడుకున్నాను, రెండుసార్లు మెలకువ, 6:30కి లేచాను, తలనొప్పి, నోరు ఎండిపోయింది. జలుబుకు సెటిరిజిన్ వేసుకున్నాను. మధ్యాహ్నం 2:40కి మీటింగులో కునుకు, చేతిలో పెన్ను జారిపడింది. కాఫీ మూడు కప్పులు.’ సెలవు రోజుల్లో ఎంతసేపు పడుకున్నారో కూడా రాయాలి. ఆదివారం పది గంటలు పడుకుంటే మత్తు పోతోందంటే, అసలు సంగతి నిద్ర చాలకపోవడమే కావచ్చు.

పక్కన పడుకునేవారి సాక్ష్యం మీకన్నా విలువైనది. గురక మధ్యలో ఆగి, ఉక్కిరిబిక్కిరై మళ్లీ మొదలవుతోందా అని అడగండి, వీలైతే ఫోనులో రికార్డు చేయమనండి. గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్లు సడలిపోవడం, మెలకువ వచ్చినా కాసేపు కాళ్లూ చేతులూ కదలకపోవడం వంటివి చెప్పడానికి చాలామంది సంకోచిస్తారు. నార్కోలెప్సీని అనుమానించడానికి డాక్టర్లు వెతికేది వాటినే.

ఎప్‌వర్త్ నిద్రమత్తు కొలమానాన్ని కూడా ఒకసారి నింపి ఉంచుకోండి. 1991లో ఆస్ట్రేలియా వైద్యుడు ముర్రే జాన్స్ రూపొందించిన ఈ ప్రశ్నావళిలో చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, భోజనం తర్వాత ఊరికే కూర్చున్నప్పుడు వంటి 8 సందర్భాలు ఉంటాయి, ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు వేసుకోవాలి. 24కి 10 దాటితే మత్తు మామూలు స్థాయిని మించిందని అర్థం. కారణమేమిటో మాత్రం అది చెప్పదు.

3. కునుకును, కాఫీని, భోజనాన్ని గడియారానికి కట్టండి

నిద్ర ఆపుకోలేనప్పుడు 15 నుంచి 20 నిమిషాలు అలారం పెట్టుకుని పడుకోండి. గంట దాటిందంటే లేచాక బుర్ర మొద్దుబారడమే కాక, రాత్రి నిద్ర కూడా చెడుతుంది. కాఫీ, టీ మధ్యాహ్నం రెండుకల్లా ఆపేయాలి, ఎందుకంటే తాగిన కెఫీన్‌లో సగం దాదాపు ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం రెండు, మూడు గంటల వేళ ఎవరికైనా కాస్త మగతగానే ఉంటుంది. దాని మీద కడుపు నిండా అన్నం, పప్పు, పెరుగు పడితే చెప్పనక్కర్లేదు. అన్నం సగానికి తగ్గించి, తిన్నాక పది నిమిషాలు ఎండలో నడిచి రండి. శ్రద్ధ అవసరమైన పనిని ఉదయానికి మార్చుకోండి.

4. సొంత వైద్యానికి దిగకండి

జలుబు, అలర్జీ మాత్రలు సహా వాడుతున్న ప్రతి మందు పేరూ రాసి డాక్టరుకు చూపించండి. మెలకువగా ఉంచుతుందని ఎవరో చెప్పిన మాత్రను మందుల షాపులో అడిగి తెచ్చుకోవద్దు. నిద్రమాత్రలు, మద్యం ఆప్నియాను మరింత ముదిరేలా చేస్తాయి.

తలకు దెబ్బ తగిలాక మత్తు మొదలైనా, మాట తడబడినా, జ్వరంతో పాటు లేపినా లేవని స్థితి ఉన్నా పరీక్ష తేదీ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

5. పరీక్షకు సిద్ధం కండి

నార్కోలెప్సీ అనుమానం ఉంటే, రాత్రంతా పరీక్షించాక మర్నాడు పగలు రెండేసి గంటల ఎడంతో నాలుగైదు సార్లు పడుకోబెట్టి, ఎన్ని నిమిషాల్లో నిద్ర పడుతోందో, అందులో కలలొచ్చే దశ వస్తోందో లేదో చూస్తారు. ముందు వారమంతా సరిగా పడుకోకపోతే ఆ లెక్క తప్పుదోవ పట్టిస్తుంది. కుంగుబాటు మందులు కలలొచ్చే దశను అణిచిపెడతాయి కనుక వాటిని ఆపాలా వద్దా అన్నది డాక్టరును ముందే అడగాలి, మీ అంతట మీరు ఆపకూడదు. ఎవరైనా తమ తేదీ రద్దు చేసుకుంటే పిలవమని ల్యాబులో నంబరు ఇచ్చి రండి. ఆ రోజు తలస్నానం చేసి, కొబ్బరినూనె మాత్రం రాసుకోకుండా వెళ్లండి. నూనె తలకు వైర్లు అంటించడం కష్టం.