విడిగా పాసయ్యే టెస్ట్ మొత్తం సూట్‌లో ఎందుకు ఫెయిలవుతోంది?

సీఐలో (కోడ్ పంపగానే టెస్ట్‌లన్నీ దానంతటదే నడిపే సర్వర్‌లో) బిల్డ్ ఎర్రగా కనిపించగానే మళ్లీ రన్ నొక్కేవాళ్లను రోజూ చూస్తున్నాను. రెండోసారి పాసైతే మెర్జ్ చేసేస్తారు, అంటే ఆ కోడ్‌ను అసలు కోడ్‌లో కలిపేస్తారు. దయచేసి ఆ బటన్ జోలికి వెళ్లే ముందు ఫెయిలైన ఆ ఒక్క టెస్ట్‌ను విడిగా రన్ చేసి చూడండి. అరనిమిషం పని. విడిగా కూడా ఫెయిలైతే తప్పు కోడ్‌లోనో, ఆ టెస్ట్‌లోనో ఉంది, మామూలుగా వెతుక్కోవచ్చు. విడిగా పాసై సూట్‌లో (టెస్ట్‌లన్నీ కలిపి నడిపినప్పుడు) ఫెయిలవుతోందంటే, సాధారణంగా దానికంటే ముందు నడిచిన టెస్ట్ ఏదో ఎంగిలి మిగిల్చింది. నేను జాంగో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) లెక్కలో చెబుతున్నాను.

ముందుగా సెట్టింగ్స్ చూడండి. టెస్ట్ మధ్యలో ఎవరైనా సెట్టింగ్ విలువను నేరుగా మార్చేస్తే అది అలాగే ఉండిపోతుంది. దాని బదులు జాంగో ఇచ్చే ఓవర్‌రైడ్ సెట్టింగ్స్ వాడితే దానంతటదే వెనక్కి వస్తుంది. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

అసలు దొంగ: క్యాష్

మాదాపూర్‌లో నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఫుడ్ డెలివరీ ప్రాజెక్ట్ ఉండేది. కొత్తగా చేరిన అమ్మాయి అమీర్‌పేట అడ్రస్‌కు డెలివరీ చార్జీ 40 అని ఒక టెస్ట్ రాసింది. అది పాసైంది. కానీ ఏడాదిగా బాగా నడుస్తున్న కూకట్‌పల్లి టెస్ట్ ఫెయిలైంది: రావాల్సింది 60, వచ్చింది 40. అదీ మా లాప్‌టాప్‌లలోనే, సీఐలో పాస్. రెండు రోజులు అందరూ ఆ అమ్మాయి కోడ్‌నే తప్పుబట్టారు. అందులో తప్పేమీ లేదు.

ఆ 40 ఎక్కడిదో చూడండి. జాంగో టెస్ట్‌కేస్ ప్రతి టెస్ట్‌నూ డేటాబేస్‌లో ఒక ట్రాన్సాక్షన్‌లో నడిపి, చివర్లో రోల్‌బ్యాక్ చేస్తుంది, అంటే ఆ టెస్ట్ చేసిన మార్పులన్నీ రద్దు చేస్తుంది. శుభ్రమయ్యేది డేటాబేస్ ఒక్కటే, క్యాష్‌ను (ఒకసారి లెక్కించిన విలువను మళ్లీ వాడటానికి దాచిపెట్టే చోటును) అది ముట్టుకోదు. మా కోడ్ చార్జీని అడ్రస్ ఐడీ మీద క్యాష్ చేసేది. ఒకే క్లాస్‌లో టెస్ట్‌లు పేర్ల అక్షరక్రమంలో నడుస్తాయి కాబట్టి ఇంగ్లిష్ 'ఎ'తో మొదలయ్యే అమీర్‌పేట ముందు నడిచింది. దాని అడ్రస్ ఐడీ 1. రోల్‌బ్యాక్‌తో ఆ అడ్రస్ పోయింది, 40 మాత్రం క్యాష్‌లో ఉండిపోయింది. లాప్‌టాప్‌లో డేటాబేస్ ఎస్‌క్యూలైట్. అందులో రోల్‌బ్యాక్ అయ్యాక ఐడీ మళ్లీ 1 నుంచే వస్తుంది. కూకట్‌పల్లి అడ్రస్‌కూ 1 వచ్చింది, దాంతోపాటు పాత 40 కూడా. సీఐలో డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. అక్కడ ఐడీలు ఇచ్చే లెక్క (సీక్వెన్స్) రోల్‌బ్యాక్ కాదు, ఐడీ ముందుకే పోతుంది. అందుకే అక్కడ తప్పు బయటపడలేదు.

సరిచేయడం

అన్ని టెస్ట్‌లకూ ఒక బేస్ క్లాస్ పెట్టి, దాని సెటప్‌లో (ప్రతి టెస్ట్‌కు ముందు నడిచే భాగంలో) క్యాష్ క్లియర్ చేయండి. టియర్‌డౌన్‌లో (టెస్ట్ తర్వాత నడిచే భాగంలో) వద్దు, సెటప్ మధ్యలో ఎర్రర్ వస్తే టియర్‌డౌన్ నడవనే నడవదు. టెస్ట్‌లు నడపడానికి పైటెస్ట్ అనే టూల్ వాడుతుంటే, ప్రతి టెస్ట్‌కూ దానంతటదే నడిచే ఆటోయూజ్ ఫిక్స్‌చర్ చాలు. ఫంక్షన్ల మీద ఎల్‌ఆర్‌యూ క్యాష్ డెకరేటర్ (ఫంక్షన్ ఇచ్చిన ఫలితాన్ని పైథానే గుర్తుపెట్టుకునేలా చేసేది) ఉంటే అది వేరే లెక్క, దాన్ని విడిగా క్లియర్ చేయాలి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. జాంగో టెస్ట్‌ల కోసం వేరే డేటాబేస్ తయారుచేస్తుంది కానీ వేరే క్యాష్ తయారుచేయదు. టెస్ట్ సెట్టింగ్స్ కూడా మీరు రోజూ పనికి వాడే డెవలప్‌మెంట్ రెడిస్‌నే (క్యాష్‌గా వాడే సర్వర్‌నే) చూపిస్తుంటే, క్లియర్ అనగానే ఆ రెడిస్ డేటాబేస్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. టెస్ట్‌లను పారలల్‌గా (ఒకేసారి అనేక ప్రాసెస్‌లలో) నడిపితే ఒక ప్రాసెస్ పెట్టింది ఇంకోటి చెరిపేస్తుంది. కాబట్టి టెస్ట్ సెట్టింగ్స్‌లో లోకల్ మెమరీ క్యాష్ పెట్టండి, అది ప్రాసెస్‌కు ఒకటి చొప్పున విడిగా ఉంటుంది. డమ్మీ క్యాష్ (ఏదీ దాచని ఉత్తుత్తి క్యాష్) పెట్టమని కొందరు చెబుతారు, నేను ఒప్పుకోను. అసలు క్యాష్ కోడ్‌లోని తప్పులు దాని కింద దాక్కుంటాయి.

తర్వాత టెస్ట్‌ల వరుసను కలిపేసి నడిపే షఫుల్ ఆప్షన్‌తో పదిసార్లు రన్ చేయండి. జాంగో 4.0 నుంచి ఉంది. ఫెయిలైతే అది చూపించే సీడ్ నంబర్ రాసిపెట్టుకోండి, అదే నంబర్ ఇస్తే అదే వరుసలో మళ్లీ నడుస్తుంది.

మిగతావి అరుదు. పోర్ట్ గొడవ (ఒకే నెట్‌వర్క్ పోర్ట్ కోసం రెండు ప్రోగ్రామ్‌లు పోటీపడటం) అయితే ఎర్రర్‌లోనే రాసి ఉంటుంది. నైట్ షిఫ్ట్‌లో, అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము 5:30 లోపు మాత్రమే ఫెయిలయ్యే టెస్ట్ అయితే యూటీసీలో (మన టైమ్‌కు ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ సమయంలో) ఇంకా నిన్నటి తేదీయే నడుస్తోందని అర్థం. ఆ టెస్ట్‌లో టైమ్ ఫ్రీజ్ చేయండి, అంటే ఒకే తేదీ, సమయం దగ్గర ఆపేయండి.