బీపీ గోలీలు వేసుకుంటున్నా గుండె గోడ మందం తగ్గట్లేదా? నొప్పుల గోలీల సంగతి చూడండి

సమస్య: టెల్మిసార్టాన్ అనే బీపీ గోలీ మొదలుపెట్టి ఏడాది దాటింది. బీపీ ఇంకా 160/100 దగ్గరే ఉంది. ఎకో (గుండె స్కానింగ్)లో గుండె ఎడమ గది గోడ మందం 13 మిల్లీమీటర్లు, అప్పుడెంతో ఇప్పుడూ అంతే. "డోసు పెంచండి సార్" అంటారు ఇంట్లోవాళ్లు.

ముందు మామూలువి చూడండి. బీపీ చూసే ముందు అయిదు నిమిషాలు కదలకుండా కూర్చున్నారా? అరగంటలోపు చాయ్, బీడీ తాగలేదు కదా? గోలీ రోజూ పడుతోందా? పాలమూరు నుంచి బొంబాయి, పుణె పనులకు పోయేవాళ్లకు అక్కడ గోలీలు అయిపోతాయి, మళ్లీ ఊరొచ్చేదాకా వేసుకోరు. డాక్టర్‌కు చెప్పి సరిపడా ముందే తీసుకెళ్లండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా తగ్గకపోతే, దయచేసి పేషెంట్‌ను ఈ ఒక్కటి అడగండి. "వేరే మందులేమైనా వాడుతున్నారా" అంటే లేదనే చెబుతారు. ఇలా అడగాలి: "మోకాళ్లు నొస్తే ఏం చేస్తావ్ పెద్దమ్మా?"

"ఏముంది బిడ్డా, ఊర్ల ఆర్‌ఎంపీ సార్ ఇచ్చిండు. పొద్దుగాల ఒకటి, మాపున ఒకటి."

సంచిలోంచి పేపర్ పొట్లం తీస్తుంది. అందులో పేరులేని విడి గోలీలు. చాలాసార్లు అవి డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్‌లలో ఒకటి. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు, కీళ్లు పట్టేసినవాళ్లకు ఇవి లేనిదే రోజు గడవదు. వాళ్ల నొప్పి నిజం, అందుకే కోప్పడి లాభం లేదు.

ఈ గోలీలు ఒంట్లోని ఉప్పును, నీటిని కిడ్నీలు బయటకు పంపనీయవు. బీపీ పెరుగుతుంది. టెల్మిసార్టాన్, ఎనాలాప్రిల్ లాంటి బీపీ గోలీలు, మూత్రం ఎక్కువ పోయేలా చేసే గోలీల పని సగంలో ఆగుతుంది. ఆమ్లోడిపిన్ అనే బీపీ గోలీ మీద మాత్రం ఈ దెబ్బ తక్కువ. టెల్మిసార్టాన్, మూత్రం గోలీ, నొప్పి గోలీ మూడూ కలిస్తే కిడ్నీలే దెబ్బతినొచ్చు.

గుండెకు జరిగే నష్టం బయటకు కనిపించదు. ఎక్కువ ఒత్తిడి మీద కొట్టుకుని కొట్టుకుని గోడ కండ లావెక్కుతుంది, మధ్యలో నార పేరుకుని బిగుసుకుంటుంది. యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ దీన్ని ఇంకా ఎగదోస్తుంది. టెల్మిసార్టాన్, లోసార్టాన్ అడ్డుకునేది దాన్నే. బీపీ మందుల మీద 2002లో వచ్చిన లైఫ్ అధ్యయనంలో లోసార్టాన్, అటెనోలాల్ బీపీని దాదాపు ఒకేలా తగ్గించాయి, గోడ మందాన్ని మాత్రం లోసార్టానే ఎక్కువ తగ్గించింది. అంత మంచి మందు వేసుకుంటూ, పక్కనే రెండు పూటలా నొప్పి గోలీ మింగితే బీపీ దిగదు. బీపీ దిగకుండా గోడ పలచబడదు.

పరిష్కారం: పొట్లంతో సహా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నొప్పి గోలీ ఆపి, అవసరమైనప్పుడు పారాసెటమాల్, పైపూత జెల్, కాపడం, వ్యాయామం వాడుకోవచ్చు. పారాసెటమాల్ కూడా రోజూ మింగేది కాదు. బీపీ గోలీ మాత్రం సొంతంగా ఆపొద్దు. రెండు వారాలకు బీపీ మళ్లీ చూపించుకోండి. కొందరికి డోసు పెంచే అవసరమే రాదు. గోడ తగ్గడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైనే పడుతుంది, నెలనెలా ఎకో దండగ.

ఊరగాయ, మద్యం సంగతి చెప్పక్కర్లేదు, తగ్గించాల్సిందే. కిడ్నీ రక్తనాళం సన్నబడడం, కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథుల్లో గడ్డల వల్ల బీపీ దిగకపోవడం కొద్దిమందిలోనే ఉంటుంది. చిన్న వయసువాళ్లకు, మూడు రకాల మందులు సరిగ్గా వాడినా దిగనివాళ్లకు డాక్టరే ఆ పరీక్షలు రాస్తారు. ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర, కాలూ చెయ్యీ పడిపోవడం కనిపిస్తే మాత్రం ఇవేవీ చూడకుండా 108కి ఫోన్ చేయండి.